'పక్షివిశేషము' - ఒక నిఘంటు విమర్శ

తెలుగు నిఘంటువులను పరిశీలించువారికి 'పక్షివిశేషము' అను అర్థవివరణము సుపరిచితము. బహుజనపల్లి సీతారామాచార్యులవారి శబ్దరత్నాకరము (1885) మొదలుకొని మన కోశములు పెక్కు పిట్టల పేళ్లకు ఇట్టి మాటతోడనే అర్థము చెప్పి విరమించినవి. దీనివలన చదువరికి తెలియునది అది చెట్టు కాదు, మృగము కాదు అనునంతమాత్రమే. ఈ లోపము స్వల్పమని ఇంతవరకు ఉపేక్షింపబడినది. అది స్వల్పము కాదని చూపుటయే ఈ వ్యాసమున మా ఉద్దేశము.

మన కావ్యములందు పక్షులకు కొదువ లేదు. హంస నీటినుండి పాలను వేరుచేయును. చకోరము వెన్నెల గ్రోలును. చక్రవాకమిథునము రేయి ఎడబాయును. ఇవి కవిసమయములు, వీనిని దోషములని మేము తలంపము. కాని చక్రవాకము శీతకాలమున మన జలాశయములకు వలసవచ్చు బాతుజాతి పక్షియని చెప్పు వ్యాఖ్యాతలు అరుదు. అలంకారము నిలిచినది, పక్షి మరుగుపడినది. ఇందుకు భిన్నమైన దృష్టి ఆముక్తమాల్యదలో కలదు. రెక్కలలో తలలు దూర్చి కాలువగట్టున నిద్రించు బాతులను చూచి, వేకువస్నానమాడిన విప్రులు మరచిపోయిన పిండిన బట్టలని తలారులు భ్రమపడుట అందలి ప్రసిద్ధ వర్ణనము. కన్నులార చూచినవాడు గాని అట్లు వ్రాయజాలడు. ఆ చూపు కవికి కలదు, కోశకారునకు లేకపోయినది.

ఆ లోపమును కొంత పూరించినవారు పరదేశీయులు. 1903లో వెలువడిన బ్రౌను నిఘంటువు ద్వితీయముద్రణము కొన్ని పక్షినామములకు శాస్త్రనామములను జోడించినది. ఉత్తరసర్కారులకు కమీషనరుగా నుండిన వాల్టర్ ఎలియట్ 1859లో తెలుగు వృక్షనామములను 'ఫ్లోరా ఆంధ్రికా' అను పేర సంకలనము చేసెను. సైనిక వైద్యుడైన జెర్డన్ 1862-64 నడుమ ప్రకటించిన భారతపక్షి గ్రంథమున దేశీయనామములను సైతము ఎక్కించెను.

ఆ జెర్డన్ పేర శాస్త్రలోకమున ప్రసిద్ధమైన పిట్ట యొకటి కలదు. 1848లో బ్లైత్ దానికి శాస్త్రనామ మొసగెను. 1900లో అనంతపురము చెంత హవర్డ్ క్యాంబెల్ చూచిన పిమ్మట ఎనుబదియైదు సంవత్సరములు అది శాస్త్రజ్ఞుల కంటబడలేదు. నశించినదనియే పలువురు నమ్మిరి. 1986 జనవరిలో బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమునకు చెందిన భరత్ భూషణ్ కడపజిల్లా రెడ్డిపల్లె ప్రాంతమున దానిని మరల గుర్తించెను. అందుకు తోడ్పడినవారు స్థానిక వేటగాండ్రు. వారికి అది నశించిన పక్షి కాదు, కలివికోడి. కలివిపొదల నడుమ రాత్రివేళ సంచరించు పిట్టకు ఆ పేరు ఎంత సార్థకము! నివాసము పేరులోనే కలదు. శాస్త్రజ్ఞులు కోల్పోయిన పక్షిని పల్లెజనుల భాష భద్రపరచినది.

'ఇది జంతుశాస్త్రజ్ఞుల పని, భాషాశాఖకు దీనితో నేమి సంబంధము?' అని కొందరు ఆక్షేపింపవచ్చును. పిట్టను కాపాడుట వారి పనియే. కాని పేరు తెలియని దాని నాశమును ఎవ్వరును గుర్తింపరు. 2005 ప్రాంతమున తెలుగుగంగ కాలువ త్రవ్వకము కలివికోడి సంచరించు పొదనేలలో ప్రవేశించినప్పుడు అభ్యంతరములు బయలుదేరి కాలువమార్గము మార్పబడినది. అచట తిరుగునది 'పక్షివిశేషము' మాత్రమే అయినచో అభ్యంతరము చెప్పువారెవరు?

రాబందుల కథ ఇంతకంటె శోచనీయము. పశువులకు ఇచ్చు డైక్లోఫెనాక్ అను మందు వాని కళేబరములద్వారా రాబందులకు ప్రాణాంతకమగుచున్నదని 2004 నాటికి నిర్ధారణమైనది. 2006లో పశువైద్యమున ఆ మందు నిషేధింపబడినది. అప్పటికే కోట్లకొలది రాబందులు నశించినవి. జటాయువు మరణఘట్టమును మేము ఏటేట పాఠము చెప్పుచున్నాము. రాబందును కన్నులార చూచిన విద్యార్థి మా తరగతులలో అరుదు. చూడని పక్షి త్యాగమును వారెట్లు భావింతురు?

కావున పరిశోధక విద్యార్థులకు మా సూచన యిది. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున వెలువడిన మాండలిక వృత్తిపదకోశ ప్రథమసంపుటము వ్యవసాయపదములను పల్లెపల్లెకు పోయి సేకరించు పద్ధతిని నేర్పినది. పక్షినామములకును అదియే మార్గము. విశాఖ పరిసరములయందే కొండకర్ల ఆవలో దోనెలు నడుపువారు, భీమునిపట్టణపు జాలరులు, పాడేరు, అరకు మన్యవాసులు ఉన్నారు. వారు పలికిన పేరు, ఆ పేరు పుట్టిన కారణము, పిట్ట రూపము, కూత, నివాసము, శాస్త్రనామము - ఇవి యన్నియు చేరినప్పుడే ఆరోపము పూర్తియగును. జెర్డన్ రోమనులిపిలో వ్రాసిన తెలుగు పేళ్లను సరియైన ఉచ్చారణకు తెచ్చుటయు ఇట్టి క్షేత్రసేకరణమువలననే సాధ్యము.

వృద్ధులు గతించిన కొలది పేళ్లు గతించును. పొదలు నరకిన కొలది పిట్టలు గతించును. ఈ రెండింటిలో మొదటిదానిని నివారించు బాధ్యత నిస్సందేహముగా మనది. రెండవదానికి అది తోడ్పడునని కలివికోడి సాక్ష్యము చెప్పుచున్నది.