నిట్టూర్పు కూడ కీర్తనయే

ప్రియ చదువరీ, మా సంఘములో ఒక సహోదరుడు ప్రభువునందు నిద్రించినప్పుడు మేమందరము ఆ యింటికి వెళ్లి, మూడు సంతోషగీతములు పాడి, ప్రార్థన చేసి తిరిగి వచ్చితిమి. పాడినంతసేపును అతని భార్య పెదవులు కదలలేదు. ఆమె విశ్వాసము బలహీనమైనదని కొందరనిరి. నేనును అట్లే తలంచితిని. తరువాత హేజెల్ డికెన్స్ అను అమెరికా గాయకురాలి పాటలు వినునప్పుడు, ఆ దినమున తప్పిపోయినది ఆ విధవరాలు కాదు, మేమేనని నాకు తోచెను. ఆ పాటలను గూర్చియే నీతో కొంచెము మాటలాడగోరుచున్నాను.

పశ్చిమ వర్జీనియా కొండలును బొగ్గు గనులును గల రాష్ట్రము. అందలి మెర్సర్ కౌంటీలో హేజెల్ 1925లో జన్మించెను. ఆ యింట పదునొకండుగురు బిడ్డలు. తండ్రి గనులకు కలప తోలి కుటుంబమును పోషించుచు, ప్రిమిటివ్ బాప్టిస్టు సంఘములో వాక్యము బోధించెను. ఆ సంఘమువారి ఆరాధనలో వాద్యములు వాడరు. మనుష్యుని కంఠమే వారికి వీణయు మద్దెలయు. ఆ బిడ్డ మొదట నేర్చినది అట్టి పాటయే.

1950వ దశకపు తొలి సంవత్సరములలో ఆమె పనికొరకు బాల్టిమోరు నగరమునకు వెళ్లి, కర్మాగారములలో కూలి చేసెను. కొండవారి యాసను నగరవాసులు పరిహసించుచుండిరి. ఆ నగరములోనే మైక్ సీగర్, ఆలిస్ జెరార్డ్ అను సంగీతకారులు ఆమెకు పరిచయమైరి. బాంజో, ఫిడేలు, మాండొలిన్, గిటారులతో కూడిన బ్లూగ్రాస్ అను సంగీతమును బిల్ మన్రో 1940వ దశకములో ప్రసిద్ధము చేసియుండెను. అందు ముందు నిలిచి పాడువారు మిక్కిలిగా పురుషులే. అట్టి దినములలో హేజెల్, ఆలిస్ అను ఈ యిద్దరు స్త్రీలు 1965లో తమ తొలి రికార్డును వెలువరించిరి.

ఆమె కంఠము తేనె పూసినది కాదని ముందే చెప్పుచున్నాను. అది గరుకైనది, మిక్కిలి హెచ్చు స్థాయిలో సాగునది. మాధుర్యము కోరువాడు మొదటి చరణముతోనే లేచిపోవును. కాని కొంచెము ఓర్చి వినుము. ఆమె సహోదరులు గనులలో పనిచేసిరి. బొగ్గుధూళి ఏండ్ల తరబడి ఊపిరితిత్తులలో పేరుకొన్నవాడు నాలుగడుగులు వేయుటకే ఆయాసపడును. ఆ నల్ల ఊపిరితిత్తుల జబ్బుతో ఒక సహోదరుడు మరణింపగా, ఆమె ‘బ్లాక్ లంగ్’ అను పాట వ్రాసెను. దానిని ఏ వాద్యమును లేకుండ పాడెను. గమనించితివా? తండ్రి సంఘములో దేవుని స్తుతించిన పద్ధతినే, ఊపిరాడక మరణించినవాని పక్షమున మొరపెట్టుటకు ఆమె వాడుకొనెను. నా మట్టుకు ఆమె పాటలన్నిటిలో ఇదియే గొప్పది. మన సింగరేణి ప్రాంతపు సంఘస్థులకు దీని భావము ఒకరు విప్పి చెప్పనక్కరలేదు.

1968 నవంబరులో ఫార్మింగ్టన్ గనిలో ప్రేలుడు కలిగి 78 మంది మరణించిరి. దానిని గూర్చియు ఆమె పాట వ్రాసెను. మరుసటి సంవత్సరము గనులలో ధూళిని తగ్గించుటకును, రోగులకు పరిహారమిచ్చుటకును అమెరికాలో శాసనము పుట్టెను. పాటలు శాసనములు చేయవు. గని పనివారును విధవరాండ్రును పోరాడిరి. అయితే పోరాడువారికి నోటిలో మాట కావలెను గదా! హార్లాన్ కౌంటీ గని పనివారి సమ్మెను చూపు 1976 నాటి చలనచిత్రము ఆస్కార్ బహుమానము పొందెను. అందు ఆమె కంఠము వినబడును.

చెడిపోయినదని పేరుబడిన స్త్రీ పక్షముగ కూడ ఆమె ఒక పాట వ్రాసెను. ఆమెను దూషించు పురుషుడే ఆ దుస్థితికి పాలివాడని దాని సారాంశము. యోహాను సువార్తలో జనులు ఒక స్త్రీని ప్రభువు నెదుటికి ఈడ్చుకొని వచ్చిరి. ఆ పురుషుని ఏల తేలేదో మనమెన్నడైన అడిగితిమా?

ఆమె పాటలలో లోపము లేదని చెప్పను. సమ్మె పాటలు కొన్నిటిలో కోపమే కడవరకు నిలుచును. శత్రువుకొరకు ప్రార్థించుమన్న మాట అందు కానరాదు. క్రైస్తవుడు అక్కడ ఆగిపోరాదు. అయితే ఆ కోపమును దాటకుండ క్షమాపణకు చేరితిమని చెప్పుకొనుట కూడ సత్యము కాదు. బిగబట్టిన కూలి దేవునికి మొరపెట్టునని యాకోబు వ్రాసెను; న్యాయము లేనిచోట పాటల ధ్వని దేవునికి రోతయని ఆమోసు హెచ్చరించెను. మరియు ఆమె కోపముతోనే ముగించినది కాదు. అవసానకాలమున సహోదరులను పిలిచి, నా కొరకు వచ్చి పాడరా అని వేడుకొను పాట ఒకటి ఆమె వ్రాసెను. అందు కొండ సంఘముల ప్రేమ అంతయు కలదు.

2001లో అమెరికా ప్రభుత్వపు జాతీయ వారసత్వ పురస్కారము ఆమెకు లభించెను. 2011 ఏప్రిల్ 22వ తేదీన, శుభ శుక్రవారమున, ఆమె వాషింగ్టన్ నగరములో కన్నుమూసెను. సిలువపై మన ప్రభువు గొప్ప శబ్దముతో మొరపెట్టినది జ్ఞాపకము చేసికొను దినమది.

ప్రియ చదువరీ, కీర్తనల గ్రంథములో స్తోత్రమును కలదు, నిట్టూర్పును కలదు. మనమైతే మందిరమునకు వచ్చునప్పుడు నిట్టూర్పులను చెప్పులవలె వాకిట విడిచి వచ్చుచున్నాము. ఈసారి నీవు దుఃఖించు యింటికి వెళ్లినప్పుడు, వెంటనే పాట ఎత్తుకొనకుము. మొదట ఆ తల్లి ప్రక్కను కూర్చుండుము. ఆమె ఏడ్చినయెడల, అదియే ఆ దినపు మొదటి కీర్తన యని యెంచి, తల వంచి వినుము. రెండవ కీర్తన ఆమెయే ఎత్తుకొనును. అప్పుడు నీవును కలిసి పాడుము.