తెరమీద మెదడు గాయం

తెలుగు ప్రేక్షకులకు చిరపరిచితమైన ఘట్టం ఒకటి ఉన్నది. కథానాయకుడి తలకు దెబ్బ తగులుతుంది, గతమంతా మరచిపోతాడు. చివరి రీలులో రెండవ దెబ్బ తగులుతుంది. వెంటనే అమ్మను, ఆలిని, ఆస్తి తగాదాను కూడా గుర్తుపడతాడు. వినోదం కోసం తీసిన కథను శాస్త్రపు త్రాసులో తూచడం న్యాయమా అని కొందరు అడగవచ్చు.

నూజివీడు ప్రాంతంలో ఈ ప్రశ్నకు సమాధానం దూరంగా వెతకనక్కరలేదు. అక్కడి పాత తోటలలో రసాల చెట్లు చాలా ఎత్తు పెరిగి ఉంటాయి. చిక్కానికి అందని కాయ కోసం మనిషి కొమ్మ ఎక్కవలసిందే. కొమ్మ విరిగినా, కాలు జారినా తల నేలకు తగులుతుంది. రోడ్డు ప్రమాదాల సంగతి చెప్పనే అక్కరలేదు. అటువంటి మనిషిని విజయవాడ ఆసుపత్రి నుంచి ప్రాణాలతో ఇంటికి తెచ్చుకున్నవారు తరువాత ఏమి జరుగుతుందని ఆశించాలి? ఈ విషయంలో చాలామందికి ఉన్న ఏకైక పాఠశాల సినిమా హాలు. అందుచేత ఆ పాఠం తప్పో ఒప్పో చూడవలసి ఉన్నది.

ముందుగా ఆ రెండవ దెబ్బ సంగతి. మనిషి మెదడు దాదాపు 1.4 కిలోల బరువు ఉంటుంది. అది గట్టి పుర్రెలో, ద్రవంలో తేలుతూ ఉంటుంది. తల హఠాత్తుగా ఆగినప్పుడు మెదడు లోపల కదిలి పుర్రె గోడలను తాకుతుంది. సన్నని నాడీ తంతువులు సాగి తెగుతాయి. ఆ తరువాత వాపు వస్తుంది. రెండవ దెబ్బ ఈ పనినే మరొకసారి చేస్తుంది. పగిలిన కుండ మరొక దెబ్బతో అతుక్కున్నట్లు చూపితే మూడవ తరగతి పిల్లవాడు కూడా నవ్వుతాడు.

ఇంతకంటె శ్రద్ధతో తీసిన చిత్రాలు లేకపోలేదు. 1982లో బాలు మహేంద్ర తమిళంలో తీసిన చిత్రం తెలుగులో ‘వసంత కోకిల’ అనే పేరుతో వచ్చింది. కారు ప్రమాదంలో గాయపడిన యువతి చిన్నపిల్ల మనస్తత్వానికి వెళ్లిపోతుంది. ఒక ఉపాధ్యాయుడు ఆమెను కొండ ప్రాంతానికి తీసుకువెళ్లి తల్లివలె సాకుతాడు. శ్రీదేవి, కమల్ హాసన్‌ల నటన గురించి కొత్తగా చెప్పవలసినది లేదు. అయితే మెదడు గాయం మనిషిని వయస్సు మెట్లమీద వరుసగా వెనక్కి దింపదు. ఒకడికి మాట పోయి నడక మిగలవచ్చు. మరొకడికి మాటలన్నీ ఉండి నిగ్రహం పోవచ్చు. దెబ్బ ఏ భాగానికి తగిలిందో, ఎంత లోతున తగిలిందో దానినిబట్టి ఉంటుంది.

ఆ కథ ముగింపు మాత్రం ఆలోచించదగినది. చికిత్సతో ఆమెకు గతం తిరిగి వస్తుంది. తనను సాకిన మనిషి మాత్రం గుర్తుండడు. గాయం తరువాతి రోజులలో రోగి కళ్లు తెరిచి మాట్లాడుతున్నా, కొత్త జ్ఞాపకాలు నిలవని దశ ఒకటి నిజంగానే ఉన్నది. ఆ రోజులలో సేవ చేసినవారిని అతడు తరువాత గుర్తుపట్టకపోవచ్చు. కాని ఆ దశలో ఉన్న రోగి నిన్న చూసిన మనిషిని ఈ రోజు కూడా ఎరగడు. చిత్రంలోని యువతి రోజూ తన స్నేహితుడిని గుర్తుపడుతుంది, అతడు నేర్పినది నేర్చుకుంటుంది; తరువాత ఆ కాలమంతా ఒక్కసారిగా చెరిగిపోతుంది. కన్నీరు నిజమైనదే గాని లెక్క కుదరలేదు.

2005లో వచ్చిన ‘గజిని’ మరొక దారి పట్టింది. ఇనుప కడ్డీ దెబ్బ తిన్న నాయకుడికి ఏ సంగతీ 15 నిమిషాలకు మించి నిలవదు. కొత్త జ్ఞాపకాలు నిలవని స్థితి కల్పన కాదు. 1953లో అమెరికాలో మూర్ఛవ్యాధి కోసం హెన్రీ మొలైసన్ అనే యువకుడి మెదడులో రెండువైపులా హిప్పోకాంపస్‌లో చాలా భాగం తొలగించారు. తరువాత అతడికి కొత్త సంగతులు నిలువలేదు. అయినా బ్రెండా మిల్నర్ అనే శాస్త్రవేత్త అతడి చేత అద్దంలో చూస్తూ నక్షత్రం గీయించగా, మూడు రోజులలో చేయి బాగా తిరిగింది. తాను అంతకుముందు గీసినట్లు మాత్రం అతడికి తెలియదు. చేతికి వచ్చిన విద్య ఒకచోట, జరిగిన సంగతి మరొకచోట నిలుస్తాయని దీనివల్ల తేలింది.

‘గజిని’ నాయకుడు ఫోటోలు, చీటీలు, ఒంటిమీద పచ్చబొట్లు పెట్టుకొని పని నడుపుకుంటాడు. పచ్చబొట్టు సంగతి అటుంచితే, నోటుపుస్తకం, గోడ చీటీ, గడియారపు గంట వంటివి నేటి పునరావాస చికిత్సలో నిజమైన సాధనాలే. అయితే నోటుపుస్తకం ఉన్నదనే సంగతే రోగి మరచిపోతాడు. దానిని తెరిచే అలవాటును వారాల తరబడి, తప్పుకు తావులేకుండా చేయి పట్టి నేర్పవలెను. చిత్రంలో ఆ నేర్పే మనిషి కనపడడు. నాయకుడికి పోయినది ఒక్క జ్ఞాపకమే. పథకం వేసే శక్తి, కండబలం చెక్కుచెదరలేదు. తీవ్రమైన గాయాలు సాధారణంగా ఇంత మర్యాదగా ప్రవర్తించవు.

ఈ చిత్రాలన్నిటిలో కనపడనిది ఆసుపత్రిలోని పునరావాస విభాగం. ప్రాణాపాయం తప్పిన తరువాత రోగి అక్కడే ఉండి వారాలు, నెలలు సాధన చేస్తాడు. ఫిజియోథెరపిస్టు మంచం మీద కూర్చోవడం దగ్గర మొదలుపెడతాడు. మరొకరు మాట, మింగడం నేర్పుతారు. ఇంకొకరు చొక్కా గుండీలు పెట్టించి, టీ కాయిస్తారు. టీ కాయడం చిన్న పని కాదు. ఏది ముందు, ఏది వెనుక అన్న వరుసను నుదుటి వెనుకనున్న మెదడు భాగం నడుపుతుంది. తోటపని మనిషికయితే కాయలను పరిమాణం చూసి వేరుచేసి గంపకెత్తడమే మంచి పాఠమవుతుంది. మిగిలిన నాడీకణాలు అదే పనిని మళ్లీ మళ్లీ చేయడంవల్ల కొత్త సంబంధాలు ఏర్పరచుకుంటాయి. మెరుగుదల మొదటి ఆరు నెలలలో వేగంగా ఉంటుంది. ఆ తరువాత మెల్లగా సంవత్సరాలపాటు కూడా సాగవచ్చు. ఒకనాటి ఉదయాన జ్ఞాపకం వచ్చి తలుపు తడుతుందని ఎదురుచూసే కుటుంబం ఆ మొదటి నెలలనే పోగొట్టుకుంటుంది. నడుస్తూ, మాట్లాడుతూ ఉన్నవాడు పని మొదలుపెట్టకపోతే సోమరి అని, కసురుకుంటే పొగరు అని ఇంటివారు అనుకుంటారు. అదీ గాయమేనని వారికి ఏ చిత్రమూ చెప్పలేదు.

మన దక్షిణదేశంలో ఇటువంటి చికిత్స కొత్తది కాదు. తెలుగువారు ఎందరో వైద్యానికి వెళ్లే వెల్లూరులో 1966లోనే పునరావాస సంస్థ వెలసింది. దానికి మూలమైన డాక్టరు మేరీ వర్గీస్ 1954లో కారు ప్రమాదంలో వెన్నుపూస దెబ్బతిని, చక్రాల కుర్చీలో కూర్చుండే శస్త్రచికిత్సలు చేసినవారు. ఏ రచయితా కల్పించని ఈ కథను మన చిత్ర నిర్మాతలు ఎందుకు పట్టించుకోలేదో తెలియదు.

పై చిత్రాల పక్కన పెట్టి చూడవలసిన పుస్తకం ఒకటి ఉన్నది. రష్యన్ శాస్త్రవేత్త లూరియా 1970ల ఆరంభంలో ప్రచురించిన దానిలో, 1943లో స్మోలెన్స్క్ యుద్ధరంగంలో తలకు తూటా తగిలిన జసెట్స్కీ అనే యువ సైనికుడి చరిత్ర ఉన్నది. అతడికి అక్షరాలు పోయినాయి. చూపులో కుడిసగం పోయింది. అక్షరం అక్షరంగా నేర్చుకుంటూ నెలలు తంటాలు పడ్డాడు. ఒకనాడు వైద్యుడు అక్షరాలను గురించి ఆలోచించక, చేయి ఎత్తకుండా మాటను ఒక్క ఊపున రాయమన్నాడు. చేయి రాసింది. మొలైసన్ చేతిలో నిలిచిన విద్య వంటిదే ఇతడి చేతిలోనూ మిగిలి ఉన్నది. అప్పటినుంచి అతడు తన కథను తానే రాయడం మొదలుపెట్టాడు. మాట దొరికేవరకు ఆగి, దొరికినది జారిపోకముందే రాసి, కొద్ది వాక్యాలకే గంటలు పట్టినా మానలేదు. దాదాపు 25 సంవత్సరాలలో సుమారు 3,000 పేజీలు అయినాయి. తాను రాసినదానిని తిరిగి చదువుకోవడం మాత్రం అతడికి కష్టంగానే ఉండిపోయింది.