విజయనగరం: కొలువు, వీధి, నాటకం

జనక్‌పురిలో పెరిగిన తెలుగు పిల్లల మాట అటుంచి, ఆంధ్రదేశంలోని పాఠకులలో కూడా చాలామందికి విజయనగరమనగానే తుంగభద్రాతీరాన శిథిలమై ఉన్న మహారాజధాని ముందుగా స్ఫురిస్తుంది. ఇక్కడ ప్రస్తావన దానిది కాదు. కళింగాంధ్రలో, 1713లో కట్టిన కోటను ఆనుకొని పెరిగిన పూసపాటివారి చిన్న పట్టణానిది.

ఆ పట్టణపు సాహిత్య సంగీత ఖ్యాతికి సాధారణంగా చెప్పే కారణం రాజపోషణ. ఆనందగజపతి మహారాజు (1850–1897) పండితులను, గాయకులను ఆదరించినాడు. 1919లో విజయరామ గజపతి సంగీత కళాశాలను స్థాపింపగా, హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు దానికి మొదటి అధ్యక్షుడయినాడు. 1936లో ఆ స్థానం వాయులీన విద్వాంసుడు ద్వారం వేంకటస్వామినాయుడుకు సంక్రమించినది. ఇదంతా నిజమే; అయినా ఈ వివరణ చాలదు. పోషకులైన ప్రభువులు పిఠాపురంలో ఉన్నారు, వేంకటగిరిలో ఉన్నారు, బొబ్బిలిలో ఉన్నారు. ‘కన్యాశుల్కం’ మాత్రం విజయనగరంలోనే పుట్టినది. కవికి జీతమిచ్చిన కొలువుతోపాటు, కవి చెవికి పని కల్పించిన వీధి కూడా అక్కడ ఉన్నది. ఆ రెంటి నడుమ తలుపు పూర్తిగా మూసుకొనలేదు.

పైడితల్లి సిరిమానోత్సవం చూచినవారికి ఈ మాట వింతగా తోచదు. విజయదశమి తరువాత వచ్చే మంగళవారం నాడు, పొడవైన మాను చివర పీటమీద అమ్మవారి పూజారి కూర్చొనగా, ఆ మాను గుడి నుండి కోటకు ముమ్మారు వచ్చి పోతుంది. రాజకుటుంబం కోట బురుజుపై నుండి దర్శిస్తుంది; పూజారి అంతకంటె ఎత్తున ఊగుతూ ఉంటాడు. అమ్మవారు రాజుగారి తోబుట్టువేననీ, 1757 నాటి బొబ్బిలి యుద్ధకాలంలో దేవతయైనదనీ జనం చెప్పుకుంటారు. కోటలోని ఆడపడుచును ఊరు తన గ్రామదేవతగా చేసుకొన్నది. ఏటా ఒక్క పూటైనా ఊరంతా కోటముందుకు వచ్చి నిలిచే ఆచారం గల చోట, వీధిభాష కొలువుకు వినబడకుండా ఉండదు.

గురజాడ అప్పారావు (1862–1915) ఈ రెండు లోకాలకూ చెందినవాడు. సంస్థానపు ఉద్యోగి, కళాశాలలో ఉపన్యాసకుడు. వాడుకభాషకై పోరాడిన గిడుగు రామమూర్తి అతనికి సహాధ్యాయి. అంతకు ముందు మహారాజు విశాఖపట్టణ మండలంలో కన్యాశుల్క వివాహాల పట్టిక ఒకటి తయారు చేయించినాడు. మూడేళ్లలో 1034 పెండ్లిండ్లు అందులోకి ఎక్కినవనీ, ఏడాది వయసు పిల్లలు కూడా ముగ్గురున్నారనీ గురజాడ తన పీఠికలో వ్రాసినాడు. నాటకం 1892లో ప్రదర్శింపబడినది; 1897లో ఆనందగజపతికి అంకితమై అచ్చయినది; 1909లో దాదాపు కొత్త రచన అనదగినంతగా మారినది. పట్టిక కొలువు ఇచ్చినది. ఆ పట్టికకు నోరు ఇచ్చినది మాత్రం వీధియే.

నాటకం తెర లేచేది విజయనగరంలోని బొంకులదిబ్బ దగ్గర. ఈ పేరును గురజాడ కల్పించలేదు, ఊరే అతనికి ఇచ్చినది. గిరీశం ప్రవేశించేది అప్పులతో. పూటకూళ్లమ్మకు బాకీ, పటం తీసినవానికి బాకీ. నాలుగు ఇంగ్లీషు ముక్కలూ, సంఘసంస్కరణపై ఉపన్యాసమూ అతని ఆస్తి. నగరం నిలుపుకొనలేక పంపివేసిన ఈ మనిషి వెంకటేశంతో బండి ఎక్కి కృష్ణరాయపురం అగ్రహారానికి పోతాడు. ఊరు అంతటితో తెర వెనుకకు పోయినా దాని నోరు మాత్రం అతనితోనే ప్రయాణం చేస్తుంది. కొత్త విద్య మొదట ఒక మాటకారి చేతిలో పడినదన్న చేదు నిజాన్ని, ఆ విద్యకు పేరుపొందిన పట్టణమే కూర్చొని విన్నది.

హిందీలో దీనికి దగ్గరగా వచ్చేవాడు భారతేందు హరిశ్చంద్రుడు (1850–1885). ‘ప్రేమజోగినీ’లో అతడు తన కాశీని ఏ మెరుగులూ పెట్టకుండా చూపినాడు. కాని ఆ రచన అసంపూర్ణంగా మిగిలినది; ‘అంధేర్ నగరీ’ (1881)లోని రాజ్యం ఏ ఊరిదీ కాని కథారాజ్యం. గురజాడ ఊరు పేరు దాచలేదు. అందుచేతనే ‘కన్యాశుల్కం’ను హిందీలోనికి తెచ్చేవానికి చిక్కు ఎక్కువ. లుబ్ధావధాన్ల ఇంటి అసిరిగాని పలుకును ఖడీబోలీలో పెట్టితే వాడు గుమాస్తా వలె వినబడతాడు. భోజపురిలో పెట్టితే విజయనగరం కాశీ ప్రక్కకు జరిగిపోతుంది. రెండు నష్టాలలో రెండవదే తక్కువది. ప్రాణం లేని పాత్రకంటె వలస వచ్చిన పాత్ర మేలు.

ఇక మధురవాణి. విజయనగరపు రసికతకు, లోకజ్ఞానానికి ఆమె నిజమైన వారసురాలు. ఆ ఊరి గురించి వ్రాసే ప్రశంసావ్యాసాలలో ఆమె జాతి స్త్రీల ఊసు తరచు కనబడదు. సంగీతాన్ని నోటిమీద నిలిపినవారిలో వారూ ఉన్నారు. నాటకంలో లుబ్ధావధాన్లను కాపాడడానికి ఆమె సాయం కావలసి వచ్చినది. సంస్కర్త సౌజన్యారావు ఇంట కూర్చొనడానికి మాత్రం ఆమెకు పురుషవేషం కావలసి వచ్చినది! గురజాడ సంస్కరణను ఎగతాళి చేయలేదు. దాని గడపను చూపినాడు. 1947 నాటి మద్రాసు చట్టం దేవదాసీ సమర్పణను నిషేధించినది. బాలికలకు అది మేలే. అయితే వారి తల్లుల విద్య ఏ గురుకులానికి చేరవలెనో చట్టం చెప్పలేదు.

కళాశాల కొత్తవారికి తలుపు తీసినమాట వాస్తవం. ఘంటసాల ఆ ఊరిలో మధూకరం ఎత్తి, పట్రాయని సీతారామశాస్త్రి శిష్యుడై చదువుకొన్నాడు. జోలె పట్టిన విద్యార్థికి గుప్పెడన్నం పెట్టిన గృహిణులు కూడా ఆ సంగీతానికి పోషకులే, శిలాఫలకం మీద వారి పేర్లు లేకపోయినా. తరువాతి తరంలో పి. సుశీల అక్కడే పట్టా పొందినది.

విజయనగరంలోనే జీవించిన చాగంటి సోమయాజులు (1915–1994) ‘వాయులీనం’ కథలో ఈ చరిత్రకు మరొక కొసను పట్టుకొన్నాడు. భార్య జబ్బుపడుతుంది, ఖర్చులకు ఆమె ఫిడేలును భర్త అమ్మివేస్తాడు. అతడు దుర్మార్గుడు కాడు. దానిని పేదరికపు కథగా చదవవచ్చును. మధురవాణి పక్కన పెట్టి చదివితే మరొకటి తెలుస్తుంది. సంసార స్త్రీకి సంగీతం గౌరవమైన విద్యగా దొరికినది, కాని వాయించే తీరిక దొరకలేదు. ఫిడేలు అమ్ముడుపోవడానికి చాలా ముందే ఆ ఇంట దాని శబ్దం ఆగిపోయి ఉన్నది.