‘నీటి బుడగలు’ – ఒక పేరు, ఒక లెక్క

ఏటికొప్పాకవంటి ఊరినుండి పదహారేళ్ల బాలిక, నెలసరి సరిగా రావడం లేదని నర్సీపట్నానికో, అనకాపల్లికో వెళ్లి స్కానింగు తీయించుకొని వచ్చిందనుకొందాం. ఆమెకంటె ముందుగా ఇంటికి చేరేది ఒక మాట: “అండాశయంలో నీటి బుడగలున్నాయట.” తల్లికి ఆపరేషను భయం, అమ్మమ్మకు పెండ్లి బెంగ, పిల్లకు సిగ్గు. వైద్యులు దీనిని పాలిసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్ అని, క్లుప్తంగా పి.సి.ఓ.ఎస్. అని అంటారు. ఈ పేరును, మన రాష్ట్రపు బాలికలను గూర్చి వెలువడిన ఒక లెక్కను కొంచెం పరీక్షించి చూడవలసి ఉన్నది.

ముందుగా పేరు. 1935లో షికాగో నగరంలో స్టెయిన్, లెవెంథాల్ అనే ఇద్దరు వైద్యులు ఏడుగురు స్త్రీలను గూర్చి ఒక వ్యాసం ప్రకటించారు. ఆ స్త్రీల నెలసరి క్రమం తప్పింది. అండాశయాలు పెద్దవై, వాటిలో చిన్నచిన్న తిత్తులవంటివి కనిపించాయి. కంటికి కనిపించినదే కాలక్రమాన పేరైంది. కాని అవి నిజమైన తిత్తులు కావు. అండాశయంలో ప్రతి నెలా కొన్ని పుటికలు ఎదుగుతాయి. ఒక్కొక్క పుటికలో ఒక అండం, దానితోపాటు కొద్దిపాటి ద్రవం ఉంటాయి. సాధారణంగా వాటిలో ఒకటి పూర్తిగా ఎదిగి, పగిలి, అండాన్ని విడిచిపెడుతుంది. పి.సి.ఓ.ఎస్.లో అనేక పుటికలు సగం దారిలో ఆగిపోతాయి. స్కానింగులో ‘బుడగలు’గా కనిపించేవి ఇవే.

ఏటికొప్పాక పనివారు అంకుడు కర్రను తరిణె పట్టి, రంగు లక్క అద్ది బొమ్మలు చేస్తారు. లక్క అద్దని బొమ్మలు వరుసగా పడి ఉంటే, కర్రకు పురుగు పట్టిందని ఎవరూ అనరు. పని మధ్యలో ఎందుకు ఆగిందని అడుగుతారు. ఇక్కడ అడగవలసిన ప్రశ్న కూడా అదే.

సమాధానం చాలవరకు హార్మోనులలో ఉన్నది. శరీరం ఇన్సులిన్‌కు సరిగా స్పందించనప్పుడు రక్తంలో ఇన్సులిన్ పెరుగుతుంది. అది, పిట్యూటరీ గ్రంథినుండి వచ్చే ఎల్.హెచ్. అనే హార్మోనుతో కలిసి, అండాశయంచేత ఆండ్రోజనులను అధికంగా తయారు చేయిస్తుంది. ఆండ్రోజనులు స్త్రీలందరిలోను కొద్దిగా ఉండేవే. అవి హెచ్చితే పుటికల ఎదుగుదల కుంటుపడుతుంది. మొటిమలు, గడ్డంమీద రోమాలు రావచ్చు. ఇన్సులిన్‌తో సంబంధం ఉండడంవలననే మున్ముందు మధుమేహం వచ్చే అవకాశం కూడా హెచ్చుతుంది. బరువెక్కువ ఉన్నవారికే కాక, సన్నగా ఉన్నవారికి కూడా ఈ స్థితి కలుగుతుంది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు 2012లో సమావేశపరచిన నిపుణుల సంఘం, ఈ పేరు తప్పుదారి పట్టిస్తున్నదని, దీనిని మార్చాలని సిఫారసు చేసింది. మన ‘నీటి బుడగలు’ ఆ తప్పును మరొక మెట్టు ఎక్కించింది. బుడగ అన్నాక, అది పగిలితే జబ్బు పోతుందనే భ్రమ కలుగుతుంది.

ఇక లెక్క. 2011లో నిధి, ఆమె సహపరిశోధకులు ఆంధ్రప్రదేశ్‌లోని ఒక వసతి కళాశాలలో 15–18 ఏళ్ల బాలికలను 460 మందిని పరీక్షించి, 42 మందికి, అనగా నూటికి 9.13 మందికి, పి.సి.ఓ.ఎస్. ఉన్నదని ప్రకటించారు. మన బాలికలను మన గడ్డమీదనే లెక్కించడం మెచ్చదగిన పని. వారు 2003నాటి రోటర్‌డామ్ నియమాన్ని అనుసరించారు. నెలసరి క్రమం తప్పడం, ఆండ్రోజనుల ఆధిక్యం, స్కానింగులో ఎక్కువ పుటికలు – ఈ మూడింటిలో ఏ రెండున్నా చాలునని ఆ నియమం.

అయితే ఆ 42ను విడదీసి చూడాలి. మూడు లక్షణాలూ ఉన్నవారు 11 మంది. నెలసరి తప్పడం, ఆండ్రోజనుల లక్షణాలు ఉన్నది ఒకరికి. ఆండ్రోజనుల లక్షణాలు, స్కానింగులో పుటికలు ఉన్నది మరొకరికి. మిగిలిన 29 మందికి ఉన్నవి నెలసరి తప్పడం, స్కానింగులో పుటికలు మాత్రమే. చిక్కు ఇక్కడే ఉన్నది. ఎదిగే వయసులో ఎక్కువ పుటికలు కనిపించడం, రజస్వల అయిన కొత్తలో నెలసరి తడబడడం ఆరోగ్యవంతులలో కూడా సహజం. అందుచేతనే 2018లోను, 2023లోను వెలువడిన అంతర్జాతీయ మార్గదర్శకాలు, రజస్వల అయిన ఎనిమిదేళ్ల లోపల నిర్ణయానికి స్కానింగును ఆధారం చేసుకోవద్దన్నాయి. నెలసరి క్రమం తప్పడం, ఆండ్రోజనుల ఆధిక్యం, రెండూ ఉండితీరాలన్నాయి. ఆ కొలతతో చూస్తే 42 మందిలో 12 మంది నిలుస్తారు. రక్తపరీక్షలో ఆండ్రోజనులు హెచ్చని తేలితే మరికొందరు చేరవచ్చు.

ఇది పరిశోధకుల దోషం కాదు. 2011నాటి కొలత అది. దోషమల్లా, ఆ 9.13ను నేటికీ విడదీయకుండా వల్లించడంలో ఉన్నది. అలాగని ఆ 29 మందికి ఏమీ లేదని తోసివేయడం కూడా తగదు. మార్గదర్శకాలు అటువంటివారిని ‘అవకాశం ఎక్కువగా ఉన్నవారు’గా ఎంచి, లక్షణాలకు చికిత్స చేస్తూ, కొన్నేళ్లకు మళ్లీ పరీక్షించమంటాయి. జబ్బు ముద్ర వేయడం వేరు, కనిపెట్టి ఉండడం వేరు.

రోగం నిర్ధారణ అయిన బాలిక చేయవలసినదేమిటి? నెలసరి తేదీలను క్యాలెండరులో గుర్తు పెట్టుకోవాలి. రజస్వల అయిన మొదటి ఏడు గడిచాక ఎప్పుడైనా 90 రోజులు దాటినా నెలసరి రాకపోతే వైద్యుని చూడాలి. రక్తంలో చక్కెరను, రక్తపు పోటును పరీక్షించుకోవాలి. ఏ ఒక్క ఆహారపద్ధతీ తక్కినవాటికంటె మేలని రుజువు కాలేదు. ఇంటి భోజనమే మితంగా, కూరలు, పప్పులు హెచ్చుగా తింటే చాలు. రోజుకు గంటసేపు ఆట, నడక వంటివి ఉండాలి. నెలసరిని సరిచేయడానికి వైద్యులు గర్భనిరోధక మాత్రలు వ్రాయవచ్చు; చీటీ చూచి తల్లిదండ్రులు బెదరనవసరం లేదు. ఇక పెండ్లి బెంగ. ఈ స్థితి ఉన్న స్త్రీలలో అధికసంఖ్యాకులు, కొందరు మందుల సాయంతో, తల్లులవుతున్నారు. దిగులు, ఆందోళన ఈ బాలికలలో హెచ్చుగా కనిపిస్తాయి కనుక వాటిని కూడా వైద్యునికి చెప్పాలి.

జీవశాస్త్రపు పాఠంలో అండాశయం బొమ్మ వేసేటప్పుడు ఉపాధ్యాయులు ఎదిగిన పుటిక పక్కన ఆగిన పుటికలను కూడా నాలుగు గీసి, వాటిని ‘పుటికలు’ అనే పేరుతోనే చెప్పడం మంచిది. స్కానింగు కాగితం చేతికి వచ్చిననాడు ఆ బొమ్మను చూచిన బాలికకు అందులో ఉన్నదేమిటో తెలుస్తుంది.