ఇరువదియొకటవ యధికరణము: వాక్యార్థవిచారము

శాసనములు రాజనీతిజ్ఞుల సొత్తనియు, శబ్దశాస్త్రజ్ఞులకు వానితోఁ బని లేదనియుఁ గొందఱు తలఁచుచుందురు. ఇది సరి గాదు. మనుజుని చెఱసాలకుఁ బంపుటకుఁ గాని యందుండి విడిపించుటకుఁ గాని తుదకు మూలమైనది యొక వాక్యము. వాక్యమున్నచోట వ్యాకరణమునకుఁ బ్రసక్తి కలదు. భారతరాజ్యాంగమునందలి 21వ యధికరణ మిందుకు మంచి యుదాహరణము. చట్టముచేత నేర్పఱుపఁబడిన విధానమునఁ దప్ప నెవ్వని ప్రాణమును గాని వ్యక్తిస్వాతంత్ర్యమును గాని హరింపరాదని దాని తాత్పర్యము. 1950 మొదలు నేఁటివఱకు నిందొక్క యక్షరమైనను మాఱలేదు. అర్థము మాత్రము మాఱినది. ఏ యర్థము వాక్యమున కనుగుణమో యించుక విచారింతము.

ముందుగాఁ బాఠచరిత్రము. తొలి చిత్తులలో నమెరికా రాజ్యాంగమునుండి గ్రహించిన వేఱొక మాట యుండెను. చట్టము న్యాయ్యమైన క్రమమున నడవవలెనని దాని భావము. రాజ్యాంగసలహాదారు బి. ఎన్. రావుగారు 1947లో నమెరికా కేఁగి ఫ్రాంక్‌ఫర్టర్ న్యాయమూర్తితో ముచ్చటించి వచ్చిరి. పిమ్మట 1948 ఫిబ్రవరి నాఁటి చిత్తులో, జపాను రాజ్యాంగపు 31వ యధికరణము ననుసరించి, యిప్పటి పాఠము చేర్పఁబడినది. 1948 డిసెంబరులో రాజ్యాంగసభయందు దీనిపై వాదము నడిచెను. మున్షీ మున్నగువారు పూర్వపాఠమునే కోరిరి. నెల్లూరుమండలమునఁ బుట్టిన అల్లాడి కృష్ణస్వామయ్యగారు, అమెరికా న్యాయస్థానము లా మాట నూఁతగాఁ గొని సాంఘికశాసనములను గొట్టివేసిన తీరును దలఁచి, క్రొత్తపాఠమును సమర్థించిరి. అంబేడ్కరుగారు రెండు త్రోవలందును భయము గలదని చెప్పి నిర్ణయమును సభకు విడిచిరి. సవరణలు వీఁగిపోయెను. 1949 సెప్టెంబరులో నిర్బంధితులకుఁ గొన్ని రక్షలు వేఱుగాఁ జేర్పఁబడినవి. అవియే 22వ యధికరణము.

ఇఁక నర్థవిచారము. 'చేత' యను తృతీయకుఁ గర్తయుఁ గరణమును రెండర్థములు. 'కుమ్మరిచేతఁ జక్రముచేతఁ గుండ చేయఁబడినది' యన్నచో మొదటిది కర్తను, రెండవది కరణమును దెలుపును. ఆంగ్లమూలమునందలి పదమునకు నీ ద్వైవిధ్యము కలదు. మన వాక్యమునఁ జట్టము కర్తయా, కరణమా? కర్తయైనచో స్వతంత్రము, అది యేర్పఱిచినదెల్ల విధానమే, ప్రశ్నకుఁ దావు లేదు. కరణమైనచో దానిని జేతఁ బట్టిన కర్త వేఱుగాఁ గలఁడు. ఆ కర్త శాసనసభ. అది రాజ్యాంగమునకు లోఁబడినది. కుండ వంకరయైనచోఁ గుమ్మరి చక్రమును జూపి తప్పించుకొనఁజాలఁడు.

ఏ. కె. గోపాలన్ గారి వ్యాజ్యెమున 1950 మే 19న సర్వోన్నతన్యాయస్థాన మిచ్చిన తీర్పులో నధికసంఖ్యాకులు చట్టమనఁగా శాసనసభ చేసిన చట్టమే యనియు, 19, 21 అధికరణములు వేఱువేఱు విషయములవనియు ననిరి. ఇది చట్టమును గర్తగాఁ గొన్న వ్యాఖ్య. ఫజల్ అలీ న్యాయమూర్తి యొకరే, యీ యధికరణములు పరస్పరసంబద్ధములనియు, విధానమన్న మాటలో నెదుటివాని మాట వినుట మున్నగు సహజన్యాయము లిమిడియున్నవనియు భిన్నాభిప్రాయము వ్రాసిరి.

పదమును వాక్యమునుండి విడఁదీసి చూచుటయొక్క ఫలము 1976 ఏప్రిల్ 28న జబల్పూరు వ్యాజ్యెమునఁ గనఁబడినది. అత్యవసరస్థితిలో 21వ యధికరణముయొక్క యమలు నిలుపఁబడినది గావున నిర్బంధితుఁడు న్యాయస్థానము నాశ్రయింపఁజాలఁడని నలుగురు తీర్చిరి. స్వాతంత్ర్యమున కీ యధికరణమే యేకైకస్థానమని వారి హేతువు. కాదన్నవారు ఖన్నా న్యాయమూర్తి యొకరే. ఇచట వాక్యార్థదోషము స్పష్టము. వాక్యము 'ఇచ్చుచున్నాము' అనలేదు, 'హరింపరాదు' అన్నది. లేనిదానిని హరించుట యెట్లు? నిషేధము తనకంటె ముందే యున్న వస్తువు నపేక్షించును. 'ఈ చెట్టును నఱకరాదు' అని కట్టిన పలకను దీసివేసినంతమాత్రమునఁ జెట్టు లేకపోవునా?

దిద్దుబాటు పిమ్మట వచ్చినది. కారణము తెలుపకయే 1977లో పాస్‌పోర్టు స్వాధీనము చేసికొనఁబడిన మేనకాగాంధీగారి వ్యాజ్యెమున, విధానము న్యాయ్యముగను సమంజసముగను నుండవలెననియు, 14, 19, 21 అధికరణములను గలిపి చదువవలెననియు 1978 జనవరి 25న నిర్ణయింపఁబడినది. మీమాంసకుల యేకవాక్యత యనఁగా నిదియే. అత్యవసరస్థితిలో సయితము 20, 21 అధికరణముల యమలు నిలుపరాదని 1978 నాఁటి 44వ సవరణము విధించినది. తుదకు 2017 ఆగస్టు 24న పుట్టస్వామి వ్యాజ్యెమున జబల్పూరు తీర్పు త్రోసివేయఁబడినది.

ఇట్లు విస్తరించినచో న్యాయమూర్తులే కర్త లగుదురను శంక పొడమును. అల్లాడివారి భయ మిదియే. దీనిని దేలికగాఁ ద్రోసిపుచ్చరాదు. వాక్యమున కాకాంక్ష యున్నంతవఱకే యధ్యాహారము. అంతకు మించినది వ్యాఖ్యాత స్వకపోలకల్పితము. 'విధాన'మన్న మాట న్యాయమును గోరును గాన న్యాయమును జేర్చుట యధ్యాహారమే. ప్రతి కోరికను స్వాతంత్ర్యమున నిమిడించుట మాత్ర మట్టిది గాదు. ఈ హద్దును గాచుటయందు వ్యాఖ్యాతలెల్లరు నొక్క తీరుగ నుండిరని చెప్పఁజాలను. అయినను రెండు దోషములను దూఁచినచో 1976 నాఁటిదే బరువైనది. అతివ్యాప్తిని వేఱొక తీర్పు దిద్దవచ్చును. చెఱలోఁ గడచిన దినములను దిద్దువారు లేరు.

వాక్యార్థనిర్ణయముతోఁ బని ముగియలేదు. విచారణ లేక ముందుజాగ్రత్తకై నిర్బంధించుటను 22వ యధికరణమే యంగీకరించుచున్నది. సలహామండలి యభిప్రాయము లేకయే నిర్బంధింపఁదగు కాలమును మూఁడుమాసములనుండి రెండుమాసములకుఁ దగ్గింప 44వ సవరణము తలపెట్టినది. ఆ భాగ మమలులోనికిఁ దేఁబడలేదు. ఆ కొఱఁతను దీర్చుట వ్యాకరణమునకు వశము గాదు, శాసనకర్తల పని. పాఠకుల వంతు వాక్యమును దుదముట్టఁ జదువుట. ఆ పనిలోఁ బండితులు నుదాసీనులు గాకుందురు గాక.