పంచ్ ఇంటికి వెళ్ళిన తరువాత

ప్రేమ్‌చంద్ 1916లో ప్రకటించిన 'పంచ్ పరమేశ్వర్' కథ హిందీ చదువుకొన్నవారిలో చాలామందికి పాఠ్యపుస్తకం ద్వారానే పరిచయమై ఉంటుంది. తీర్పు చెప్పటానికి కూర్చున్నవాని నోట దైవమే పలుకుతుందన్నది దాని నీతి అని ఉపాధ్యాయులు చెప్పుతారు. పరీక్షలలో మనమూ అట్లే వ్రాసినాము. ఆ నీతి కథలో లేకపోలేదు. కాని కథకుని దృష్టి తీర్పుతో ఆగలేదు. తీర్పు చెప్పినవాడు ఇంటికి వెళ్ళిన తరువాత ఏమి అనుభవించినాడో అంత శ్రద్ధగా చూచిన కథలు అరుదు. బడిచదువు కప్పివేసిన ఆ అంశాన్ని ఇక్కడ పరిశీలింపదలచినాను.

జుమ్మన్ షేక్, అల్గూ చౌధరీ బాల్యమిత్రులు. జుమ్మన్‌కు ఒక ముసలి పినతల్లి ఉన్నది. తనకున్న ఆస్తిని ఆమె అతని పేర వ్రాసి యిచ్చినది. దానపత్రం రిజిస్టరీ అయ్యేవరకు ఆదరణకు లోటు లేదు. ఆ తరువాత తిండితోపాటు సూటిపోటి మాటలు మొదలైనవి. ఆమె కర్ర ఊతగా ఇల్లిల్లూ తిరిగి పంచాయతీ పెట్టించినది. పంచ్‌గా అల్గూనే కోరుకొన్నది. జుమ్మన్ లోలోన సంతోషించినాడు. అల్గూ ఇరుపక్షాల మాటలూ విని, ఆమెకు నెలనెలా ఖర్చు ఇవ్వవలెననీ, అందుకు సమ్మతింపకున్న దానపత్రం చెల్లదనీ చెప్పినాడు. ఊరు మెచ్చుకొన్నది. స్నేహం తెగిపోయినది.

పంచాయతీకి రమ్మని ముసలామె అడిగినప్పుడే, వస్తాను గాని నోరు విప్పనని అల్గూ అన్నాడు. అతడు భయపడినదానికి హిందీ మాట 'బిగాడ్'. ఇది అనువాదకునికి చిక్కు తెచ్చే మాట. 'వైరం' అంటే హద్దు మీరుతుంది. 'మనస్పర్థ' అంటే చాలదు. ఇరుగుపొరుగులు నిప్పు ఇచ్చిపుచ్చుకోవటం మాని, ఒకే బావి దగ్గర ఎడమొహం పెడమొహంగా నిలుచుండే స్థితి అది. పల్లెలో తీర్పరి చెల్లించే మూల్యం ఇదే. న్యాయాధిపతికి సర్కారు రక్షణ ఉంటుంది, జీతం ఉంటుంది. మరొక ఊరికి బదిలీ ఉంటుంది. పంచ్‌కు ఇవేవీ లేవు. ఎవరికి వ్యతిరేకంగా తీర్పు చెప్పినాడో వారి మధ్యనే అతడు మరునాడు బ్రతకవలెను.

తరువాతి సంగతులను ప్రేమ్‌చంద్ ఎంత నిబ్బరంగా చెప్పినాడో గమనింపదగినది. అల్గూ ఎద్దులలో ఒకటి చనిపోతుంది. ద్రోహానికి ఇది శిక్ష అని జుమ్మన్ అంటాడు. జుమ్మనే విషం పెట్టించి ఉంటాడని అల్గూ అనుమానిస్తాడు. ఇరువురి భార్యలూ మాటల యుద్ధానికి దిగుతారు. ఇంతలో తీర్పు న్యాయమైనదా కాదా అన్న ప్రశ్న ఎవరికీ జ్ఞాపకం ఉండదు. కోపానికి సాక్ష్యాధారాలతో పని లేదు. దానికి ఒక మనిషి కావలెను, అంతే.

మిగిలిన ఎద్దును అల్గూ సమ్‌ఝూ సాహుకు నూటయాభై రూపాయలకు అరువుగా అమ్మినాడు. సాహు దానికి చాలినంత మేత పెట్టక, విశ్రాంతి ఇవ్వక బండి తోలి చంపినాడు. వెల ఇవ్వననీ అన్నాడు. మళ్ళీ పంచాయతీ. ఈసారి సాహు కోరిన పంచ్ జుమ్మన్. పగ తీర్చుకోవటానికి ఇంతకంటె అదను దొరకదు. కాని ఆ పీఠం మీద కూర్చున్నంతనే అతనికి తన బాధ్యత తెలిసినది. సాహు పూర్తి వెల చెల్లించవలెనని తీర్పు చెప్పినాడు. అప్పుడు రామధన్ మిశ్ర, ఎద్దును తెలిసి తెలిసి చంపినందుకు సాహుకు దండన కూడ వేయవలెనంటాడు. అది వేరే ప్రశ్న, దానితో మనకు పని లేదంటాడు జుమ్మన్. సాహుకు కొంత సడలింపు ఇమ్మని మరొకరంటారు. అది అల్గూ మంచితనానికి సంబంధించిన విషయమంటాడు జుమ్మన్.

విమర్శకులు దాటిపోయే ఈ చిన్న సంభాషణయే నా దృష్టిలో కథకు ప్రాణం. తన ముందుంచిన ప్రశ్నకు మాత్రమే జవాబు చెప్పటం తీర్పరి ధర్మం. జనం అడిగేది సాధారణంగా వేరొక ప్రశ్న.

ఈ భేదం ఎంత ప్రమాదకరం కాగలదో నేటి లోకంలోనూ చూడవచ్చును. మన దేశపు నేర విచారణలలో జ్యూరీకి 1973 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడ్ చోటు ఉంచలేదు. అమెరికాలో అది సాగుతూనే ఉన్నది. అక్కడి ఫ్లోరిడాలో, రెండేళ్ళ కూతురిని చంపినదన్న ఆరోపణపై కేసీ ఆంథొనీ అనే యువతిని 2011లో విచారించినారు. టెలివిజనులో దేశమంతా ఆ విచారణను చూచినది. పన్నెండుగురు జ్యూరీ సభ్యులు సుమారు ఆరు వారాలు ఇల్లూ వాకిలీ విడిచి ఉండి, జూలై 5న హత్యానేరం ఋజువు కాలేదన్నారు. పోలీసులకు అబద్ధాలు చెప్పిన నేరాన్ని మాత్రం నిర్ధారించినారు. జనాగ్రహం సభ్యుల మీదికి మళ్ళినది. అది చల్లారేవరకని న్యాయమూర్తి వారి పేర్లను అక్టోబరు వరకు వెల్లడింపనీయలేదు. ఆమె నిర్దోషి అని తాము అనలేదనీ, సాక్ష్యం చాలలేదని మాత్రమే అన్నామనీ ఒక సభ్యురాలు తరువాత చెప్పినది. పసిబిడ్డ చావుకు ఎవరు జవాబుదారీ అన్నది జనం ప్రశ్న. ఈ నేరం సందేహానికి తావు లేకుండ ఋజువైనదా అన్నది జ్యూరీ ప్రశ్న. జుమ్మన్ 'వేరే ప్రశ్న' అన్నది ఇదే.

ఇక్కడనే ప్రేమ్‌చంద్ కథలోని లోపం కూడ బయటపడుతుంది. కథలో రెండు తీర్పులనూ ఊరు మెచ్చుకొంటుంది. పంచ్‌కు దూరమయ్యేది ఒక్క మిత్రుడే, ఊరంతా కాదు. పాఠకుడు కూడ మొదటినుండి ముసలామె పక్షమే గనుక, అల్గూ తీర్పు అతని మనస్సును ఎక్కడా నొప్పింపదు. ఊరూ పాఠకుడూ ఏకమై ఒక తీర్పును కోరగా, సాక్ష్యం మరొక దారి చూపినప్పుడు పంచ్ ఏమి చేయవలెను? ఆ పరీక్షకు ప్రేమ్‌చంద్ తన పంచ్‌ను నిలబెట్టలేదు. చివర జయధ్వానాలతో, మిత్రుల ఆలింగనంతో కథను ముగించినాడు. సిడ్నీ ల్యూమెట్ 1957లో తీసిన '12 ఆంగ్రీ మెన్' చిత్రం జ్యూరీ గదిలోని ఘర్షణను అద్భుతంగా చూపినది. అదీ కచ్చేరి మెట్ల దగ్గరనే సభ్యులను విడిచిపెట్టినది.

అయినను ప్రేమ్‌చంద్ ఒక సత్యాన్ని మనకంటె ముందుగా పట్టుకొన్నాడు. జుమ్మన్ కోపం ఉపదేశంతో తగ్గలేదు. ఊరి మెప్పును చూచి తగ్గలేదు. తాను స్వయంగా ఆ పీఠం మీద కూర్చున్న తరువాతనే మిత్రుని కష్టం అతనికి బోధపడినది. ఊరివారందరినీ వంతులవారీగా పంచ్ పీఠం మీద కూర్చుండబెట్టటం సాధ్యం కాదు. ఆ పనిని కొంతవరకైనా చేయగలిగినది సాహిత్యం. అందుచేత పిల్లలకు ఈ కథను చెప్పేటప్పుడు దైవం పలికినదన్న మాటతోపాటు, అది వేరే ప్రశ్న అన్న జుమ్మన్ జవాబును కూడ చెప్పవలెను. తీర్పు చెప్పి అల్గూ ఏ వీథి వెంట ఇంటికి నడిచి వెళ్ళినాడో, ఆ వీథిలో ఎవరి తలుపు మూసి ఉన్నదో కూడ వారికి చూపవలెను.