సాధారణ వర్షపాతము – సామాన్య విభాజనము

వానాకాలమున పత్రికలలో తరచు ఒక పట్టిక కనబడును. ఒక మండలమున వర్షము సాధారణము, ఒక మండలమున లోటు, మరియొక చోట అధికము. 2016లో ఏర్పడిన కామారెడ్డి జిల్లా పట్టికలో కామారెడ్డి, ఎల్లారెడ్డి రెండును చేరియుండును. ఇందు "సాధారణము" అను మాటకు అర్థమేమి? భారత వాతావరణ శాఖ వాడుకలో అది అనేక సంవత్సరముల వర్షపాతమునకు సగటు మాత్రమే. ఆ సగటుకు నూటికి 19 వంతుల వరకు హెచ్చినను తగ్గినను వర్షము సాధారణమే. 20 మొదలు 59 వంతుల వరకు తగ్గినచో లోటు. జిల్లా ఏదైనను ఇదే గీటు. గీటు సులభమైనది, జ్ఞాపకముంచుకొనుటకు అనువైనది. కాని సగటు చుట్టును వర్షము ఎంత చెదరియున్నదో అది అడుగనే అడుగదు. లోపమంతయు ఇక్కడనే యున్నది.

లెక్క కొరకు కొన్ని అంకెలు కల్పించుకొందము. కామారెడ్డిలో అయిదేండ్ల వర్షము వరుసగా 900, 950, 1000, 1050, 1100 మిల్లీమీటర్లనుకొందము. ఎల్లారెడ్డిలో 600, 800, 1000, 1200, 1400 అనుకొందము. రెండు చోట్లను సగటు 1000. ప్రతి అంకె సగటునుండి ఎంత దూరమున నున్నదో చూచి, ఆ దూరములను వర్గము చేసి, వర్గముల సగటునకు వర్గమూలము తీసినచో వచ్చునది క్రమ విచలనము. మొదటి చోట అది సుమారు 71, రెండవ చోట 283, అనగా నాలుగింతలు. సగటులో నూటికి 20 వంతులన్నచో 200 మిల్లీమీటర్లు గదా! ఆ లోటు మొదటి ఊరిలో దాదాపు మూడు క్రమ విచలనముల దూరము. రెండవ ఊరిలో ఒక్క విచలనము కూడ కాదు. వర్షము సామాన్య విభాజనమును అనుసరించునని అనుకొన్నచో, అట్టి లోటు మొదటి చోట నాలుగు వందల ఏండ్లకొకసారి రావలసినది; రెండవ చోట నాలుగేండ్లకొకసారి వచ్చునది. ఒకచోట అది ఉత్పాతము, మరియొక చోట రైతు ఎరిగిన సంగతే. పట్టికలో మాత్రము రెంటికిని "లోటు" అనియే పేరు!

దేశము మొత్తమునకు నైరృతి ఋతుపవన వర్షము సగటు 87 సెంటీమీటర్లు (1971–2020 సంవత్సరముల లెక్క). దాని క్రమ విచలనము సగటులో నూటికి సుమారు 10 వంతులు. ఒక ప్రాంతపు హెచ్చు మరియొక ప్రాంతపు తగ్గుతో సరిపడుటచే దేశపు అంకె అంతగా చలింపదు. ఒక్క జిల్లాకు, ఒక్క మండలమునకు అట్టి ఊరట లేదు.

ఈ సంగతి విద్యార్థికి తట్టకపోవుటకు మన బోధన కూడ కొంత కారణము. పదవ తరగతి గణితమున చిరకాలము సగటు, మధ్యగతము, బాహుళకము చెప్పి విడిచిరి. ఇంటర్మీడియట్‌లో క్రమ విచలనము వచ్చును గాని, పట్టికలు నింపి సూత్రమున అంకెలు వేయుటతో సరి. విభాజనములలో ద్విపదము, పాయిజాన్ చెప్పి సామాన్య విభాజనమును వదలిరి. పైగా మాటల చిక్కొకటి. "సాధారణ", "సామాన్య" అను రెండును ఒకే ఆంగ్లపదమునకు వచ్చిన తెలుగులు. ఒకటి సగటును, మరియొకటి గంటయాకారపు వక్రమును చెప్పును. ఆ వక్రమున కానిది అసామాన్యమనియు దోషమనియు విద్యార్థి భ్రమపడును. పరీక్ష మార్కులు గంటవలె రాలేదని చింతించు ఉపాధ్యాయులును కలరు. ప్రశ్నపత్రము తేలికైనచో మార్కులు నూటి దగ్గర గుమిగూడుట సహజమే గదా!

సామాన్య విభాజనము ఎక్కడ పుట్టును? ఒకదానిపై నొకటి ఆధారపడని చిన్న చిన్న కారణములనేకము కూడినప్పుడు. 1733లో డిమావర్ నాణెముల పందెముల లెక్కలో దీనిని కనుగొనెను. 1809లో గౌస్ ఖగోళ పరిశీలనలలోని దోషములకు అన్వయించెను. సగటునకు ఒక క్రమ విచలనము లోపల నూటికి 68, రెండింటి లోపల 95, మూడింటి లోపల 99.7 వంతులుండును. ఋతువంతటి వర్షము అనేక దినముల మొత్తము గనుక, విశాల ప్రాంతమునకు ఈ వక్రము చాల వరకు సరిపోవును.

ఒక్క దినపు వర్షమునకు మాత్రము ఇది పనికిరాదు. చాల దినములు వాన సున్న. ఏదో ఒకనాడు కుంభవృష్టి. దినపు సగటు 7 మిల్లీమీటర్లు, క్రమ విచలనము 15 అనుకొందము. సగటునకు ఒక విచలనము దిగువన వర్షము మైనస్ 8! ఆకాశమునుండి ఋణవర్షము కురియదు. పై ప్రక్కన పొరపాటు ఇంకను ప్రమాదకరము. 2025 ఆగస్టు 27న, వినాయక చవితినాడు, కామారెడ్డి జిల్లా ఆర్గొండలో ఒక్క దినమున 400 మిల్లీమీటర్లకు పైగా వర్షము కురిసెను. పై లెక్కలో అది సగటునుండి 26 విచలనముల దూరము. గంట వక్రమును నమ్మినవారికి సృష్టి పుట్టినది మొదలు ఒక్కసారియు రాకూడనిది. వచ్చినది. కామారెడ్డి వద్ద రైలుకట్ట కొట్టుకొనిపోయెను. ఎల్లారెడ్డి ప్రక్కన 1922లో ముగిసిన పోచారం జలాశయమునకు, కట్టునాడు ఊహించిన దానికంటె ఎంతో హెచ్చు వరద వచ్చెను, కట్ట నిలిచెను.

అందుచేతనే కలుజులకు కొలతలు వేయు ఇంజనీర్లు సగటును, క్రమ విచలనమును తీసికొన్నను గంట వక్రముతో ఆగరు. ఏటేట వచ్చిన మిక్కిలి పెద్ద వానను మాత్రమే ఏరి, ఆ వరుసకు గుంబెల్ రూపొందించిన వేరొక విభాజనమును వాడుదురు. దాని తోక కుడివైపున పొడవు. పెద్ద వానకు అందు చోటు కలదు. ఏటి వర్షపు పట్టికతోపాటు ఆ ఏటి పెద్దవాన అంకెను గూడ తరగతి గదిలో నల్లబల్లపై వ్రాసినచో, రెండు వరుసల ఆకారములు వేరని పిల్లలు తామే చూడగలరు.